లెక్కల పనిముట్లు - వాని వివరణము

పలనాటి సీమలో పిడుగురాళ్ల సున్నమునకు ప్రసిద్ధికెక్కిన పట్టణము. ఆ ప్రాంతపు నేలలో సున్నపురాయి విస్తారముగా కలదు. గనులలో త్రవ్వి తీసిన రాతిని ముక్కలుగా కొట్టి, బట్టీలలో రాయి ఒక వరుస, బొగ్గు ఒక వరుసగా పేర్చి కాల్చుదురు. సుమారు 900 డిగ్రీల వేడి తగిలినప్పుడు రాతిలోని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, వెలువడిపోవును. మిగిలిన తెల్లని గడ్డలే పొడిసున్నము. దానిపై నీరు పోసినచో అది బుసబుస పొంగి, సెగలు క్రక్కి, తుదకు మెత్తని తడిసున్నముగా మారును.

ఈ పనిలో ఒక చిన్న లెక్క ఇమిడియున్నది. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలినచో 56 కిలోల పొడిసున్నము మిగులును. తక్కిన 44 కిలోలు వాయురూపమున పోవును. ఆ 56 కిలోల సున్నము 18 కిలోల నీటిని తనలో కలుపుకొని 74 కిలోల తడిసున్నమగును. నేలలో దొరకు రాయి ఎల్లప్పుడును శుద్ధముగా ఉండదు. మన్ను, ఇసుక మొదలగునవి అందు కలిసియుండును. 1000 కిలోల రాతిలో నూటికి 90 పాళ్లు మాత్రమే అసలు పదార్థమున్నచో, 900 కిలోలకే లెక్క కట్టవలెను. అప్పుడు వచ్చు పొడిసున్నము 504 కిలోలు. దానితో కలియు నీరు 162 కిలోలు. రెండును కూడినచో 666 కిలోల తడిసున్నము. గుణకార భాగహారములు వచ్చిన విద్యార్థి ఎవరైనను ఈ లెక్కను చేయగలడు.

అయినను లెక్కను చేయుట వేరు. ఇతరులు పొరపాటు లేక చేయునట్లు దానిని వ్రాసియుంచుట వేరు. ఈ రెండవ పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. నేటి కాలమున దాని అవసరము మునుపటికంటె హెచ్చినది. అది ఎట్లో చూతము.

ఇటీవల 'కృత్రిమ మేధ' యను మాట అందరి నోటను వినబడుచున్నది. మనము వ్రాసిన ప్రశ్నకు మన భాషలోనే జవాబు చెప్పు యంత్రములు వచ్చినవి. జవాబు చెప్పుటతో ఆగక, అప్పగించిన పనిని మెట్టు వెంట మెట్టుగా తామే నడుపుకొని పోవువానిని 'ఏజెంట్లు' అందురు. తెలుగున వానిని యంత్రసహాయకులు అనవచ్చును. అపారమైన వ్రాతలను చదివి, ఒక మాట తరువాత ఏ మాట రాదగునో అంచనా వేయుట ఈ సహాయకుని మూలవిద్య. ఉత్తరము వ్రాయుటకును, కథ చెప్పుటకును ఈ విద్య చక్కగా పనికివచ్చును. కాని గుణకారమున అంచనాకు చోటు లేదు. ఎనిమిదంకెల సంఖ్యను మరియొక ఎనిమిదంకెల సంఖ్యతో హెచ్చవేయుమన్నచో, చూచుటకు సరిగానే కనబడు తప్పు జవాబును అతడు నిస్సంకోచముగా చెప్పవచ్చును.

ఈ లోపమును తీర్చుటకై పండితులు సహాయకునికి పనిముట్లను అందించిరి. ఇచ్చట పనిముట్టు అనగా గొడ్డలి, పార వంటిది కాదు. ఒక నిర్ణీతమైన పనిని ఎల్లప్పుడును ఒకే తీరున చేయు చిన్న ప్రోగ్రాము. కూడికకు ఒకటి, వడ్డీకి ఒకటి, వైశాల్యమునకు ఒకటి, ఇట్లు ఎన్నియైనను ఉండవచ్చును. 2023 ఫిబ్రవరిలో మెటా సంస్థ పరిశోధకులు ప్రకటించిన 'టూల్‌ఫార్మర్' అను యంత్రము లెక్క వచ్చినప్పుడు గణనయంత్రమును తానే పిలుచుకొనుట నేర్చినది. ఆ సంవత్సరము జూను నెలలో ఓపెన్‌ఏఐ సంస్థ తన యంత్రములకు ఇతర ప్రోగ్రాములను పిలుచు ఏర్పాటు చేసెను. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ, ఇట్టి పనిముట్లను సహాయకులతో కలుపుటకు 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' అను ఉమ్మడి పద్ధతిని వెలువరించెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. సహాయకుడు సాధారణముగా పనిముట్టు లోపలి భాగమును చూడడు. అతనికి కనబడునవి మూడే: పనిముట్టు పేరు, అది ఏమి చేయునో తెలుపు వివరణము, దానికి ఈయవలసిన విలువల పట్టిక. వీనిని చదివి, పనిముట్టు అవసరమని తోచినప్పుడు, దాని పేరును విలువలను వ్రాసి పంపును. ప్రోగ్రాము లెక్క చేసి ఫలితమును అతనికి తిరిగి ఇచ్చును. ఆ ఫలితమును అతడు నమ్మి తరువాతి పనికి పోవును. కావున పనిముట్టు ఎంత మంచిదైనను, వివరణము చెడ్డదైనచో పని చెడును.

సున్నపు లెక్కనే తీసికొందము. ఒకడు పనిముట్టు తయారుచేసి దానికి 'సున్నము' అని పేరు పెట్టి, "రాయి బరువు, శుద్ధి ఇచ్చినచో సున్నము వచ్చును" అని మాత్రమే వ్రాసెననుకొందము. వ్రాసినవానికి ఇది చాలును. ఏలయనగా తక్కినదంతయు అతని మనస్సులో కలదు. చదువువానికి చాలునా? సున్నమనగా పొడిసున్నమా, తడిసున్నమా? 1000 కిలోల రాతికి మొదటిది 504, రెండవది 666. తేడా 162 కిలోలు. బరువు కిలోలలో ఈయవలెనా, టన్నులలోనా? శుద్ధిని 90 అని వ్రాయవలెనా, 0.9 అని వ్రాయవలెనా? 90 కోరు పనిముట్టునకు 0.9 ఇచ్చినచో, 504 కిలోలకు బదులు 5.04 కిలోలని జవాబు వచ్చును. విలువ 0కును 100కును నడుమ ఉండవలెనని కావలి పెట్టినను ఈ తప్పు పట్టుబడదు, 0.9 కూడ ఆ నడుమనే ఉన్నది గదా! దీనిని ఆపగలది స్పష్టమైన వ్రాత ఒక్కటే.

బట్టీవద్ద క్రొత్తగా చేరిన పనివాడు సందేహము వచ్చినచో, "అయ్యా, పొడిసున్నమేనా తమరు అడుగుచున్నది?" అని మేస్త్రీని ప్రశ్నించును. మేస్త్రీ ఒక్క మాటతో సందేహము తీర్చును. యంత్రసహాయకుడు పనిముట్టును వ్రాసినవానిని అట్లు ప్రశ్నింపజాలడు. వ్రాసినవాడు ఆ సమయమున ఎచ్చటనో ఉండును. వ్రాతలో లేనిదానిని సహాయకుడు ఊహతో పూరించుకొనును. ఊహ తప్పినచో నష్టపోవునది లెక్క అడిగినవాడు.

అడుగుటకు వీలులేని చదువరికై లెక్కలను వ్రాయుట మన దేశమున క్రొత్త కాదు. రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడను జైన గణితజ్ఞుడు సంస్కృతమున 'గణితసారసంగ్రహము'ను రచించెను. దానిని పావులూరి మల్లన 'సారసంగ్రహ గణితము' అను పేర తెలుగు చేసెను. అతడు రాజరాజనరేంద్రుని కాలమువాడని, అనగా 11వ శతాబ్దివాడని పెక్కురు చెప్పుదురు. తెలుగున వెలసిన తొలి గణితగ్రంథము అదియే. సంస్కృతము రానివారికి కూడ లెక్కలు అందవలెనన్నచో, వారు మాటలాడు భాషలో వానిని చెప్పక తప్పదు. 1912లో మద్రాసునుండి ఎం. రంగాచార్యులు గణితసారసంగ్రహమును ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించుటచే ఆ గ్రంథము లోకమునకు విశేషముగా తెలిసినది.

మహావీరుని గ్రంథమున ప్రతి విషయమును రెండు భాగములుగా నడచును. మొదట కరణసూత్రము, అనగా లెక్క చేయు విధి. తరువాత ఉద్దేశకము, అనగా ఉదాహరణముగా ఇచ్చు ప్రశ్న. విధి చదివి అర్థమైనదనుకొన్నవాడు ఉదాహరణమును చేసి చూచుకొనవలెను. జవాబు కుదిరినచో విధి సరిగా అర్థమైనదని తెలియును; కుదరనిచో ఎచ్చటనో పొరపాటు కలదని తెలియును. నేడు పనిముట్ల వివరణములో ఉదాహరణము తప్పక ఉండవలెననుటకు కారణము ఇదియే.

గుణకారమునకు మహావీరుడిచ్చిన ఉదాహరణములు మిక్కిలి చమత్కారమైనవి. 139ని 109చే హెచ్చించినచో 15151 వచ్చును. 27994681ని 441చే హెచ్చించినచో 12345654321 వచ్చును. ఈ లబ్ధములను ఎటునుండి చదివినను ఒకటే. ఇట్టి సంఖ్యలను అతడు కంఠహారములతో పోల్చెను. ఇందు అందము మాత్రమే కాదు, ఉపయోగము కూడ కలదు. నడుమ ఒక్క అంకె తప్పినను హారము తెగినట్లు కంటికి వెంటనే కనబడును. మంచి ఉదాహరణము ఇట్లు తప్పును తానే బయటపెట్టవలెను.

పూర్వసూత్రములకును నేటి వివరణములకును ఒక భేదము మాత్రము కలదు. సూత్రము పొట్టిగా ఉండును. నోటికి వచ్చుటకై పద్యరూపమున ఉండును. అందు చెప్పక విడిచినదానిని ప్రక్కనున్న గురువు విప్పి చెప్పును. యంత్రసహాయకుని ప్రక్కన గురువు లేడు. అతనికి వ్రాతయే సూత్రము, వ్రాతయే గురువు.

పనిముట్టు ఏమి చేయునో చెప్పినంత మాత్రమున చాలదు. ఏమి చేయదో కూడ చెప్పవలెను. ఇందుకు సున్న చరిత్రయే తార్కాణము. ఒక సంఖ్యను సున్నచే భాగించినచో ఏమగును? 628లో బ్రహ్మగుప్తుడు అట్టి రాశిని సున్న హారముగా గల భిన్నముగానే ఉంచెను. మహావీరుడు ఆ సంఖ్య మారక అట్లే ఉండునని చెప్పెను. 1150లో భాస్కరాచార్యుడు దానిని 'ఖహరము' అని పిలిచి, అనంతమని భావించెను. సున్నచే భాగించుటకు అర్థము లేదని, అట్టి లెక్క చేయరాదని నేటి గణితము చెప్పుచున్నది. మహామేధావులే భిన్నాభిప్రాయులైనచోట, పనిముట్టు మౌనముగా ఉండరాదు. "భాజకము సున్న అయినచో లెక్క చేయబడదు, ఆ సంగతి తెలుపబడును" అని ముందే వ్రాయవలెను. అట్లు కాక సున్ననో మరియొక సంఖ్యనో జవాబుగా ఇచ్చినచో, సహాయకుడు దానిని నిజమైన ఫలితముగా తలచి ముందుకు పోవును. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని మహావీరుడు స్పష్టముగా చెప్పెను. తాను ఎరిగిన సంఖ్యలలో ఆ పని సాగదని హద్దు గీయుట కూడ గణితమున ఒక భాగమే.

ఇక కొలతల మాట. మద్రాసు మణుగునకు 8 వీశెలు; నేటి లెక్కలో సుమారు 11.3 కిలోలు. ఉత్తరదేశమున చెలామణియైన 40 సేర్ల మణుగు సుమారు 37.3 కిలోలు. పేరు ఒకటే, బరువు మూడింతలకు పైగా హెచ్చు. ఇట్టి చిక్కులను తొలగించుటకై 1956లో తూనికలు కొలతల శాసనము చేయబడి, 1958 అక్టోబరునుండి దేశమున మెట్రిక్ తూనికలు క్రమముగా అమలులోనికి వచ్చినవి. అయినను కొలత పేరు వ్రాయక సంఖ్యను మాత్రమే వ్రాయు అలవాటు లోకమును విడువలేదు. అమెరికా దేశపు నాసా సంస్థ అంగారక గ్రహమునకు పంపిన 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' అను నౌక 1999 సెప్టెంబరు 23న నష్టమైనది. భూమిమీది ఒక ప్రోగ్రాము ఫలితమును పౌను కొలతలో ఇచ్చినది. దానిని అందుకొన్న ప్రోగ్రాము న్యూటను కొలతలో ఉన్నదని తలచినది. ఒక్కొక్క సంఖ్యయు సుమారు నాలుగున్నర రెట్లు తప్పినది. రెండు ప్రోగ్రాములును తమ లెక్కలను తాము సరిగానే చేసినవి. ఇచ్చుటకును పుచ్చుకొనుటకును నడుమ కొలత మాట తప్పినది.

దశాంశముల విషయమున మరియొక జాగ్రత్త కావలెను. కంప్యూటరు సంఖ్యలను రెండంకెల పద్ధతిలో నిలువ చేయుటచే 0.1 వంటి కొన్ని దశాంశములు అందు సరిగా ఇమడవు. అందువలన 0.1కి 0.2 కలుపుమన్నచో కొన్ని ప్రోగ్రాములు 0.30000000000000004 అని చెప్పును. బరువు తూచువానికి ఈ తేడా లెక్కలోనిది కాదు. పైసల లెక్క వ్రాయువానికి ఇది చికాకు కలిగించును. కావున ఫలితమును ఎన్ని స్థానములకు సవరించునో వివరణములో చెప్పవలెను.

ఇంతవరకు తెలిసికొన్న నియమములను బట్టి సున్నపు పనిముట్టునకు వివరణము వ్రాసినచో ఇట్లుండును:

పేరు: పొడిసున్నము బరువు.

చేయు పని: సున్నపురాయి పూర్తిగా కాలినచో మిగులు పొడిసున్నపు బరువును లెక్కించును. తడిసున్నపు బరువును చెప్పదు. దానికి వేరొక పనిముట్టు కలదు.

ఈయవలసిన విలువలు: ఒకటి, రాయి బరువు, కిలోలలో, సున్నకంటె హెచ్చు. రెండు, శుద్ధి, నూటికి ఎన్ని పాళ్లో ఆ సంఖ్య. నూటికి తొంబది అయినచో 90 అని వ్రాయవలెను, 0.9 అని వ్రాయరాదు.

వచ్చు ఫలితము: పొడిసున్నపు బరువు, కిలోలలో, ఒక దశాంశస్థానమునకు సవరించినది. రాతిలోని మన్ను, ఇసుకల బరువు ఇందు చేరదు.

ఉదాహరణము: రాయి 1000, శుద్ధి 90 అయినచో ఫలితము 504.0.

హద్దులు: బరువు సున్నగాని ఋణసంఖ్యగాని అయినను, శుద్ధి 100కు మించినను లెక్క చేయబడదు, కారణము తెలుపబడును. రాయి కొంత కాలక మిగిలినచో నిజమైన బరువు ఈ లెక్కతో కుదరదు.

ఈ వివరణములో పెద్ద మాట ఒక్కటియు లేదు. అయినను ఇందలి ప్రతి వాక్యమును ఒక పొరపాటునకు అడ్డుకట్ట వేయుచున్నది. పేరు పొడిసున్నమునకును తడిసున్నమునకును గల భ్రాంతిని తొలగించుచున్నది. కొలత మాట మణుగువంటి చిక్కును, 90 అను మాట నూరు రెట్ల తప్పును తప్పించుచున్నవి. చివరి వాక్యము మరింత విలువైనది. బట్టీలో వేడి అంతటను సమముగా తగిలినదో లేదో పనిముట్టునకు తెలియదు. అది బట్టీని కాచు పనివాని కంటికి, చేతికి తెలిసిన విషయము. తనకు తెలియని విషయమిదియని పనిముట్టు ఒప్పుకొనుటచే, దాని జవాబును ఎంతవరకు నమ్మవలెనో సహాయకునికి తెలియుచున్నది.

వివరణము స్పష్టముగా ఉండవలెనన్నచో దీర్ఘముగా ఉండవలెనని తలపరాదు. పనికిరాని మాటలు పెరిగినకొలది పనికివచ్చు మాట మరుగుపడును. ఒకే పనికి ఇంచుమించు ఒకే పేరుగల పనిముట్లు పది ఉన్నచో, దేనిని పిలువవలెనో తెలియక సహాయకుడు తికమకపడును. వ్రాసిన తరువాత ఆ లెక్క ఎరుగని మరియొకరికి కాగితమును మాత్రమే ఇచ్చి, నోటితో ఏమియు చెప్పక, లెక్క చేయించి చూడవలెను. వారు ఎచ్చట ఆగి ప్రశ్నింతురో అచ్చటనే వ్రాతలో లోపము కలదని గ్రహింపవలెను.

యంత్రములు ఎంత పెరిగినను సున్నపు బండి తూగునది మనుష్యుల వాకిటనే. తప్పు లెక్క వచ్చినచో కూలి తగ్గునది, బేరము చెడునది, తగినంత నీరు లేక సున్నము ఉడుకునది మనుష్యుల బ్రతుకులలోనే. పనిముట్టును పిలిచినది యంత్రమే అయినను, దానిని గూర్చి వ్రాసినది మనుష్యుడు. చదువువాడు ఎదుట లేడని, ప్రశ్నింపజాలడని ఎరిగి, అతనికి రాగల సందేహములను ముందే తీర్చి వ్రాయుట ఆ మనుష్యుని ధర్మము. ఈ ధర్మమును పాటించుటకు యంత్రవిద్యయే రానక్కరలేదు. తన లెక్కల పుస్తకమున జవాబు ప్రక్కన కొలతను, విధి ప్రక్కన ఉదాహరణమును వ్రాయు విద్యార్థి ఈ అభ్యాసమును ఇప్పుడే ప్రారంభించినవాడు.

అభ్యాసము

1. యంత్రసహాయకునికి లెక్కల పనిముట్లు ఏల అవసరమైనవి? అతనికి పనిముట్టులో కనబడునవి ఏవి?

2. 'సున్నము' అను పేరువలన కలుగు భ్రాంతి యెట్టిది? దానివలన 1000 కిలోల రాతి లెక్కలో ఎంత తేడా వచ్చినది?

3. కరణసూత్రము, ఉద్దేశకము అనగా నేమి? ఉదాహరణము తప్పును ఎట్లు బయటపెట్టును?

4. మణుగు, అంగారక నౌక - ఈ రెండింటి వృత్తాంతములలో సమానమైన విషయమేది?

5. నూటికి 88 పాళ్ల శుద్ధిగల 2500 కిలోల రాతినుండి వచ్చు పొడిసున్నమెంత? దానితో కలియు నీరెంత? వచ్చు తడిసున్నమెంత?

6. దీర్ఘచతురస్రపు పొలము వైశాల్యమును లెక్కించు పనిముట్టునకు పాఠములోని రీతిని వివరణము వ్రాయుము. దానిని నీ తరగతిలోని మరియొక విద్యార్థికి ఇచ్చి, నోటితో ఏమియు చెప్పక, లెక్క చేయించి చూడుము.